పరిశుద్ధ స్థలానికి చందా వేద్దామంటే డబ్బు ఎవరి చేతికి ఇవ్వాలి?

ప్రశ్న: అక్కా, వందనాలు. గాజా యుద్ధానికి ముందు మా ఫెలోషిప్ నుంచి 26 మందిమి జెరూసలేం, బెత్లెహేం వెళ్లొచ్చాం. అప్పుడు మాకు గైడ్‌గా వచ్చిన అబ్బాయి ఈ మధ్య మెసేజ్ పెట్టాడు, యాత్రికులు లేక తన పని పోయిందట, మేం బొమ్మలు కొన్న ఆలివ్ చెక్క షాపు కూడా మూసేశారట. అది చదివాక మనసు ఆగలేదు, ఆ పరిశుద్ధ స్థలాల కోసం మాలో మేమే చందా పోగు చేయడం మొదలుపెట్టాం. ఇప్పుడు మూడు చిక్కులు వచ్చాయి. ఒకాయన వాట్సాప్‌లో ఏదో సంస్థ పేరు చెప్పి, జెరూసలేంలో యేసు సమాధి అని నమ్మే చోట ఉన్న పవిత్ర సమాధి చర్చి కూలిపోబోతోంది, వెంటనే పంపండి, ఇచ్చినవాళ్ల పేర్లు అక్కడి రాయి మీద చెక్కిస్తాం అంటున్నాడు. ఫెలోషిప్‌లో పెద్దవాళ్లు కొందరేమో రాళ్లకి డబ్బెందుకు, దేవుడు చేతులతో కట్టిన గుళ్లలో ఉంటాడా అని అడుగుతున్నారు. ఇక డబ్బు నా పర్సనల్ ఖాతాలో ఉండటం మా ఆయనకి అస్సలు నచ్చట్లేదు. ఏం చేయమంటారు?

సమాధానం: చెల్లీ, వందనాలు. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ముందు ఆ వాట్సాప్ ఆయన సంగతి చెప్తాను, ఎందుకంటే మిగతావి నాలుగు రోజులు ఆగినా పర్లేదు, అది ఆగదు. ఆయనకి ఒక్క రూపాయి కూడా పంపకు. పవిత్ర సమాధి చర్చిలో నీ పేరు రాయి మీద చెక్కిస్తా అని చెప్పే అధికారం ఈ భూమ్మీద ఏ ఒక్కరికీ లేదు, ఆ మాట అన్నాడంటేనే ఆ చర్చి గురించి ఆయనకి ఏమీ తెలియదని అర్థం. అక్కడ గ్రీక్ ఆర్థడాక్స్ వాళ్లు, కాథలిక్కుల తరఫున ఫ్రాన్సిస్కన్ ఫాదర్లు, ఆర్మేనియన్లు ముగ్గురూ ప్రధాన హక్కుదారులు, వీళ్లు కాక కాప్టిక్, సిరియాక్, ఇథియోపియన్ వాళ్లకీ ప్రార్థన హక్కులో, చిన్న చిన్న భాగాలో ఉన్నాయి. ఎవరు ఎక్కడ దీపం పెట్టాలి, ఏ మెట్టు ఎవరు ఊడవాలి అన్నది కూడా ఆచారంగా తేలిపోయి ఉంది, దాన్నే స్టేటస్ కో అంటారు, 1852లో ఒట్టోమన్ సుల్తాన్ ఇచ్చిన ఫర్మానాతో గట్టిపడిపోయింది. అక్కడ రిపేర్ చేయించినవాడు ఆ భాగం నాది అన్నట్టు లెక్క, అందుకే ఒకళ్లని ఇంకొకళ్లు చేయనివ్వరు. సిరియాక్ వాళ్లు ప్రార్థన చేసుకునే చాపెల్ ఒకటి ఆ చర్చి లోపలే ఉంది, అది మాదంటే మాదని వాళ్లకీ ఆర్మేనియన్లకీ తెగని వివాదం, అందుకని మసిపట్టిన గోడలతో చాలా కాలం అలాగే ఉండిపోయింది. అంటే అక్కడ ఆగింది డబ్బు లేక కాదు, ఒప్పుకోలు లేక. నీ చందా విషయంలో అన్నిటికన్నా ముందు గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే. ఇచ్చే మనసు ఉంటే చాలదు, ఆ పని చేసే హక్కున్న చేతికే ఇవ్వాలి.

కూలిపోబోతోంది అన్నాడు కదా, అది కూడా పాత కబురే. సమాధి మీద కట్టిన చిన్న మందిరం, ఎడిక్యూల్ అంటారు, నిజంగానే ఒకప్పుడు ప్రమాదంలో పడింది. 1808లో మంటలొచ్చాక మళ్లీ కట్టారు, 1927 భూకంపంలో కదిలింది, 1947లో బ్రిటిష్ వాళ్లు చుట్టూ ఇనుప దూలాలు బిగించి పడిపోకుండా ఆపి వెళ్లిపోయారు, ఇక దాదాపు 70 ఏళ్లు ఆ ఇనుప కట్టుతోనే నిలబడింది. లోపల కొవ్వొత్తుల పొగ, లక్షల మంది ఊపిరి తేమ, ఆ చెమ్మకి రాళ్ల మధ్య సున్నం పొడిపొడి అయిపోయింది. 2015లో ఇది సేఫ్ కాదని ఇజ్రాయెల్ పోలీసులు కాసేపు మూసేశారు కూడా, అప్పుడుగానీ ముగ్గురూ కలిసి కూర్చోలేదు. 2016లో ఒప్పందం అయ్యాక ఏథెన్స్ టెక్నికల్ యూనివర్సిటీ వాళ్లు వచ్చి రాళ్లు విప్పి, లోపల కొత్త సున్నం ఎక్కించి, టైటానియం బోల్టులు వేసి, 2017 మార్చి 22న మళ్లీ తెరిచారు, ఆ ఇనుప దూలాలు తీసేశారు. ఖర్చు 30 లక్షల డాలర్లకు పైనే అయింది. మూడు చర్చిలూ తలా కొంత వేసుకున్నాయి, జోర్డాన్ రాజు ఇచ్చాడు, వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ ద్వారా ఒక్క దాతే 13 లక్షల డాలర్లు ఇచ్చారు. తర్వాత 2022 మార్చిలో చర్చి నేల పలకలు ఎత్తి బాగుచేసే పని మొదలుపెట్టారు, అది కూడా మూడు చర్చిలు కలిసి సంతకం పెట్టిన తర్వాతే. కాబట్టి ఆ చర్చికి నిజంగా ఏదైనా పెద్ద పని వస్తే ఆ మూడు చర్చిలే ప్రకటిస్తాయి, అంతేగానీ ముక్కూ మొహం తెలియని వాట్సాప్ నంబర్ నుంచి ఆ కబురు రాదు.

ఇప్పుడు పెద్దవాళ్ల ప్రశ్న. రాళ్లకి డబ్బెందుకు అన్నది తప్పు ప్రశ్న కాదు చెల్లీ, వాళ్ల మీద కోపం తెచ్చుకోకు. కానీ అసలు అక్కడి కష్టం ఏంటో వాళ్లకి తెలిస్తే ఆ ప్రశ్న అలా అడగరు అనుకుంటా. ఇప్పటి కష్టం చాలావరకు గోడలు బీటలివ్వడం వల్ల వచ్చింది కాదు, ఆ గోడల్ని కాపలా కాసే మనుషులకి రాబడి ఆగిపోవడం వల్ల వచ్చింది. పరిశుద్ధ స్థలాలు ఎక్కువ శాతం యాత్రికుల మీదే బతుకుతాయి, కొవ్వొత్తి కానుకలు, అతిథి గృహాలు, షాపుల అద్దెలు అన్నీ అక్కడి నుంచే రావాలి. 2020లో కరోనాకి అది ఒక్కసారిగా ఆగింది, పవిత్ర సమాధి చర్చి తలుపులు మార్చి చివర నుంచి మే చివరి దాకా దాదాపు రెండు నెలలు మూసేశారు. మళ్లీ కాస్త కుదుటపడుతుండగా 2023 అక్టోబర్‌లో యుద్ధం వచ్చింది, ఆ ఏడాదీ తర్వాతి ఏడాదీ బెత్లెహేంలో క్రిస్మస్ సంబరాలే చేసుకోలేదు, ప్రార్థనలు మాత్రం జరిగాయి. బెత్లెహేంలో హోటలు, గైడు పని, ఆలివ్ చెక్క చెక్కడం, ముత్యపు చిప్ప పని ఇవన్నీ ఒకే గొలుసు, ఎక్కువగా క్రైస్తవ కుటుంబాల చేతుల్లో ఉన్నవి. ఆ కుటుంబాలు సామాన్లు సర్దుకుని వెళ్లిపోతే చర్చి తెరిచి ఉంటుంది కానీ లోపల మోకరించడానికి ఆ ఊరివాళ్లు ఉండరు. పేతురు విశ్వాసుల గురించి రాసిన సజీవమైన రాళ్లు అన్న మాట మీ పెద్దలకి బాగా తెలుసు కదా, అక్కడి సంఘాలు ఆ మాటని తమ గురించే వాడుకుంటాయి. నన్నడిగితే ఇప్పుడున్న పరిస్థితిలో మీ చందాలో ఎక్కువ భాగం ఆ మనుషులకే వెళ్లాలి.

మిగతా భాగం కట్టడానికి ఇవ్వచ్చు, ఇవ్వాలి కూడా, ఎందుకో చెప్తా. మంట కనబడితే లోకమంతా జేబులో చెయ్యి పెడుతుంది, చెమ్మ ఎవరికీ కనబడదు. పారిస్‌లో నోత్రదామ్ 2019 ఏప్రిల్ 15న తగలబడితే 150 దేశాల నుంచి సుమారు 3,40,000 మంది ఇచ్చారు, 84 కోట్ల యూరోలు దాటింది. అదే చర్చి మంట రాకముందు రిపేర్ల డబ్బు కోసం నానా తిప్పలు పడింది. యేసు పుట్టాడని నమ్మే చోట కట్టిన బెత్లెహేం నేటివిటీ చర్చి కథ చూడు. దాని కప్పుకి 1480 ప్రాంతంలో ఇంగ్లండ్ రాజు నాలుగో ఎడ్వర్డ్ సీసం పంపితే, కలప వెనీస్ ఓడల మీద వచ్చింది. ఆ తర్వాత వందల ఏళ్లు ముక్కలు ముక్కలుగా అతుకులేసుకుంటూ వచ్చారే తప్ప పూర్తి రిపేర్ పడలేదు. ఇక్కడ కూడా కప్పు ఎవరు బాగుచేయాలన్న పేచీయే. వానకాలం వస్తే నీళ్లు దూలాల్లోకి, గోడల మొజాయిక్‌ల మీదకి కారేవి. 2012లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చుకుంటూనే ప్రమాదంలో ఉన్నదని కూడా ముద్ర వేసింది. చివరికి పాలస్తీనా అథారిటీ ఒక కమిటీ వేసి మూడు చర్చిలనీ ఒప్పించి 2013లో పని మొదలుపెట్టింది, చాలా దేశాల ప్రభుత్వాలు ఇచ్చాయి, అక్కడి పాలస్తీనా వ్యాపారులు కూడా ఇచ్చారు, ఇటలీ పనివాళ్లు కప్పు బాగుచేశారు. గోడల మీద ఆరుగురు దేవదూతల మొజాయిక్ అందరికీ తెలిసిందే, పని చేస్తుంటే 2016లో గచ్చు కింద దాక్కుని ఏడో దేవదూత బయటపడింది! నాకు ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది, ఇంకో కొన్నేళ్లు కప్పు కారుతూ ఉంటే ఆ రూపం మనకి దక్కేదో లేదో. 2019లో ప్రమాద జాబితా నుంచి తీసేశారు. రాళ్లకి డబ్బెందుకు అని అడిగే పెద్దాయనకి ఈ దేవదూత సంగతి చెప్పు, వాదించకు, ఊరికే చెప్పు.

ఇంకో సంగతి, ఇది చాలామందికి తెలియదు. డబ్బు అయిపోయినప్పుడు చర్చికి ముందు పోయేది కప్పు కాదు, భూమి. 2004లో జెరూసలేం జాఫా గేట్ దగ్గర గ్రీక్ ఆర్థడాక్స్ చర్చికి చెందిన రెండు హోటళ్లు, ఇంకో ఇల్లు లాంగ్ లీజు మీద వేరేవాళ్ల చేతికి వెళ్లిపోయాయి, ఆ గొడవలో అప్పటి పేట్రియార్క్‌నే, అంటే ఆ చర్చి పెద్దనే, 2005లో దించేశారు, ఆ తర్వాత కోర్టుల చుట్టూ తిరిగి తిరిగి ఏళ్లు గడిచిపోయాయి, ఆస్తి మాత్రం వెనక్కి రాలేదు. ఆర్మేనియన్ల పేటలో 2021లో ఒక పెద్ద స్థలానికి 98 ఏళ్ల లీజు రాశారు, అది తెలిసాక ఆ పేట జనమే రోడ్డెక్కి కూర్చున్నారు. 2018 ఫిబ్రవరిలో అయితే చర్చిల వాణిజ్య ఆస్తులకి పాత పన్ను బకాయిలు కట్టమని జెరూసలేం మున్సిపాలిటీ అడిగితే, చర్చి భూముల మీద ఒక బిల్లు కూడా తెస్తున్నారని తెలిసి, ఆ మూడు చర్చిల పెద్దలూ కలిసి పవిత్ర సమాధి చర్చి తలుపులు మూడు రోజులు మూసేశారు, ప్రభుత్వం వెనక్కి తగ్గాకే తెరిచారు. అందుకే రోజువారీ ఖర్చుకి ఇచ్చే చిన్న డబ్బుని తక్కువగా చూడకు. కరెంటు బిల్లు, పనివాడి జీతం, స్కూల్ టీచర్ జీతం, వీటికి ఇస్తే ఎవరూ ఫోటో తీయరు, ఫలకం పెట్టరు, కానీ అవి ఆగిపోయినప్పుడే చర్చి పెద్దలు భూమి కాగితాల పెట్టె తెరుస్తారు.

అడగటానికి సిగ్గుగా ఉంది అని కూడా రాశావు చివర్లో, నేను పైన అది వేయలేదు. చెల్లీ, 18వ శతాబ్దంలో జెరూసలేం ఆర్మేనియన్ పేట్రియార్కేట్ అప్పుల్లో పీకల దాకా మునిగిపోయింది, పరిశుద్ధ స్థలాల్లో వాళ్ల భాగం పోయే పరిస్థితి వచ్చింది. అప్పుడు పేట్రియార్క్ అయిన గ్రిగోర్ ఏం చేశాడో తెలుసా, కాన్‌స్టాంటినోపుల్ వెళ్లి, మెడకి ఇనుప గొలుసు వేసుకుని, చర్చి గుమ్మం దగ్గర కూర్చుని వచ్చేపోయేవాళ్లని అడిగాడు. ఒక రోజు రెండు రోజులు కాదు, అప్పులు తీరేదాకా ఏళ్ల తరబడి. అందుకే ఆయన్ని ఇప్పటికీ గొలుసుల గ్రిగోర్ అనే పిలుస్తారు. తన స్థానానికి తగదనుకుని ఇంట్లో కూర్చుని ఉంటే ఈరోజు జెరూసలేంలో వాళ్ల సెయింట్ జేమ్స్ కెథడ్రల్‌లో ఆర్మేనియన్ ఆరాధన ఉండేదా అని నాకు అనుమానమే. నువ్వు గొలుసు వేసుకోనక్కర్లేదు, కానీ అడిగేటప్పుడు నసగకు, ఎంత కావాలి, ఏ పనికి కావాలి అని ఆయనలాగే సూటిగా చెప్పు.

ఇక డబ్బు నీ ఖాతాలో ఉండటం గురించి. మీ ఆయన చెప్పిందే కరెక్ట్, ఆయన మాట వినెయ్. నీ మీద అనుమానం కాదు ఇది. నేను ఒకప్పుడు ఒక పాత చర్చి రిపేర్ కమిటీలో ఉన్నాను, అందరం నమ్మకస్తులమే, అందరం కలిసి ప్రార్థన చేసుకునేవాళ్లమే, కానీ రిపేర్ డబ్బు, పండగ డబ్బు, బీదల డబ్బు అన్నీ ఒకే ఖాతాలో పడేవి, ట్రెజరర్ ఒక్కరే చూసేవారు, ఏడాదిన్నర తర్వాత కప్పుకి ఎంత మిగిలింది అని ఒకరు అడిగితే ఎవరికీ చెప్పటానికి రాలేదు. దొంగతనం ఏమీ జరగలేదు, పండగ ఖర్చు ఎక్కువైంది అంతే. కానీ ఆ ఒక్క ప్రశ్నతో రెండు కుటుంబాలు చర్చి మానేశాయి, ఇప్పటికీ మాట్లాడుకోరు, కప్పు మాత్రం ఇంకో రెండు వానలకి అలాగే కారింది. అప్పుడు మా ముసలి పాస్టర్ గారు రెండో రాజుల గ్రంథం 12వ అధ్యాయం తీసి చదివించారు, నేను అంతకుముందు ఎన్నిసార్లు చదివినా గమనించలేదు. యోవాషు రాజు మందిరం బాగుచేయమని యాజకులకి చెప్పాడు, డబ్బు వాళ్ల చేతికే వచ్చేది, రాజు ఏలుబడి 23వ ఏడు వచ్చినా పగుళ్లు పగుళ్లుగానే ఉన్నాయి. అప్పుడు యెహోయాదా ఒక పెట్టె తెచ్చి మూతకి బెజ్జం పెట్టి బలిపీఠం పక్కన పెట్టాడు, నిండినప్పుడల్లా రాజు తరఫున ఒకరు, మందిరం తరఫున ఒకరు కలిసి లెక్కపెట్టి సంచుల్లో కట్టి పని చేయించేవాళ్ల చేతికిస్తే, వాళ్లు వడ్రంగులకీ తాపీవాళ్లకీ ఇచ్చేవాళ్లు. ఆ డబ్బుతో వెండి గిన్నెలు చేయించలేదు అని కూడా రాసి ఉంది చూడు, అంటే అప్పుడు కూడా ఎవరో ఒకరు గిన్నెలు చేయిద్దాం అని అడిగే ఉంటారు.

మీరూ అదే చెయ్యండి. వేరే ఖాతా, ఇద్దరి సంతకం, ఆ ఇద్దరూ ఒకే ఇంటివాళ్లు కాకూడదు. పౌలు కూడా జెరూసలేం బీదల కోసం కొరింథులో, మాసిదోనియలో చందా ఎత్తినప్పుడు వారం వారం కొంచెం తీసి పక్కన పెట్టుకోమన్నాడు, నేను వచ్చాక ఒక్కసారి ఎత్తొద్దు అన్నాడు, తీసుకెళ్లటానికి సంఘాలు ఎంచుకున్న మనుషుల్ని వెంటబెట్టుకుని వెళ్లాడు, నామీద ఎవరూ వేలు చూపకూడదు అని ఓపెన్‌గా రాశాడు. అపొస్తలుడికే ఆ జాగ్రత్త కావాలంటే మనకి ఇంకెంత కావాలి. వారం వారం అన్నది కూడా ఊరికే వదిలేయకు, 26 మంది ఒక్కసారి పెద్ద మొత్తం ఇచ్చి అలిసిపోయేకన్నా రెండేళ్లపాటు నెలనెలా కొంచెం ఇస్తే అక్కడివాళ్లకి దాని మీద లెక్క వేసుకోవటానికి వీలుంటుంది, వేన్నీళ్లకి చన్నీళ్లు తోడు.

ఎవరికి పంపాలి అంటే మీ గ్రూప్‌లో కాథలిక్కులు ఉంటే వాళ్లకి దారి రెడీగా ఉంది. గుడ్ ఫ్రైడే రోజు ప్రపంచంలో కాథలిక్ చర్చిలన్నిట్లో ఎత్తే కానుక పరిశుద్ధ దేశానికే, 1974లో ఆరో పాల్ పోపు దానికి ఇప్పటి పద్ధతి ఏర్పరిచారు, అందులో 65 శాతం ఫ్రాన్సిస్కన్ కస్టడీకి, అంటే అక్కడి స్థలాల్ని చూసుకునే ఆ ఫాదర్ల విభాగానికి, 35 శాతం తూర్పు చర్చిల విభాగానికి వెళ్తుంది. కస్టడీ వాళ్లు స్థలాలు చూసుకోవడమే కాదు, స్కూళ్లు నడుపుతారు, పాత జెరూసలేంలో క్రైస్తవ కుటుంబాలకి తక్కువ అద్దెకి ఇళ్లు ఇస్తారు, అంటే నేను పైన చెప్పిన మనుషులు, రాళ్లు రెండూ ఒకే చోట అన్నమాట. 2020లో చర్చిలు మూసి ఉండటంతో ఆ కానుకని సెప్టెంబర్ 13కి మార్చాల్సి వచ్చింది, ఎంత గట్టి దెబ్బో అర్థం చేసుకో. ప్రొటెస్టెంట్లు అయితే, యేసు సమాధి ఇదే అని కొందరు నమ్మే గార్డెన్ టూంబ్ అన్న తోట మీరు టూర్‌లో చూసే ఉంటారు, అది 1894 నుంచి ఇంగ్లండ్‌లో రిజిస్టర్ అయిన ఒక ట్రస్టు చేతిలో ఉంది, లోపలికి వెళ్లటానికి టికెట్ లేదు, కానుకల మీద, షాపు మీద నడుస్తుంది, యాత్రికులు లేకపోతే అదీ లేదు. జెరూసలేంలో లూథరన్, ఆంగ్లికన్ సంఘాలు నడిపే స్కూళ్లు, హాస్పిటళ్లు కూడా ఉన్నాయి, మీ డినామినేషన్ హెడ్ ఆఫీస్‌ని అడిగితే వాళ్ల మధ్య ఆల్రెడీ ఉన్న దారి ఏదో చెప్తారు. మధ్యవర్తి ఎవరైనా సరే, ఆ చర్చి అఫీషియల్ వెబ్‌సైట్‌లో ఉన్న అడ్రస్‌కి మీరే రాసి కన్ఫర్మ్ చేసుకోవాలి, ఆయన ఇచ్చిన లింకుకి కాదు. విదేశానికి డబ్బు పంపటానికి మీరున్న దేశంలో రూల్స్ ఏంటో ఒక ఆడిటర్‌ని ముందే అడగండి, పదిమంది దగ్గర ఎత్తి పంపితే ఒక రూలు, ఎవరిది వాళ్లు పంపితే ఇంకో రూలు ఉంటుంది, చాలా చోట్ల ఎవరిది వాళ్లు నేరుగా పంపడమే తేలిక.

ఆ గైడ్ అబ్బాయికి మాత్రం ఈ చందాలోంచి ఇవ్వకండి. కఠినంగా చెప్తున్నా అనుకోకు. తనకి ఇవ్వాలనిపిస్తే మీలో ఇష్టమైనవాళ్లు విడిగా, తన పేరు మీద, అది వేరే లెక్క అని చెప్పి ఇవ్వండి, లేదా ఆ చెక్క షాపువాళ్ల దగ్గర బొమ్మలు పోస్టులో తెప్పించుకుని క్రిస్మస్‌కి అమ్మండి, వాళ్లకి దానం కన్నా ఆర్డర్ వస్తేనే తల ఎత్తుకున్నట్టు ఉంటుంది. కానీ స్థలం పేరు మీద ఎత్తిన డబ్బు తెలిసిన మనిషికి వెళ్లిందంటే, ఎంత న్యాయమైనా, మా కమిటీలో పండగ ఖర్చు లాంటిదే అవుతుంది.

గ్రూప్‌లో పెట్టటానికి మెసేజ్ నేనే రాసిస్తున్నా, అవసరమైతే మార్చుకో: "బ్రదర్స్, సిస్టర్స్, మనం జెరూసలేం, బెత్లెహేం సంఘాల కోసం ఎత్తుతున్న చందాకి ఈ ఆదివారం నుంచి వేరే ఖాతా ఉంటుంది, ఇద్దరి సంతకంతో. ఇందులో మూడొంతుల్లో రెండొంతులు అక్కడి స్కూళ్లకి, కుటుంబాలకి, ఒక వంతు కట్టడాల రిపేర్‌కి. ఎవరికి పంపాలో వాళ్ల దగ్గర నుంచి రాతపూర్వకంగా జవాబు వచ్చాకే పంపుతాం. ఇప్పటిదాకా ఇచ్చినవాళ్లలో ఎవరికైనా ఇది నచ్చకపోతే వచ్చే ఆదివారంలోపు చెప్పండి, మీ డబ్బు మీకు తిరిగి ఇచ్చేస్తాం, మనసులో ఏమీ పెట్టుకోం." ఆ చివరి వాక్యం తీసెయ్యకు. ఒకరిద్దరు వెనక్కి తీసుకుంటారు, తీసుకోనీ. ఖాతా తెరిచాక, అక్కడి నుంచి మొదటి జవాబు వచ్చాక నాకు మళ్లీ రాయి, వాళ్లు ఏ పని అడిగారో చూసి దానికి ఎంత పట్టొచ్చో కలిసి లెక్క వేద్దాం.